కిరాయి దేనికి?

నెలనెలా కిరాయి కట్టేవాడు దేనికి కడుతున్నట్టు? గోడలకా? గోడలకే అయితే నాకు ఏ తగాదా లేదు. నారాయణఖేడ్‌లో నేనుండే రెండర్రల ఇంటి గోడలు మొన్న ఎట్లున్నాయో ఇయ్యాల అట్లనే ఉన్నాయి.

దిగిన రోజు ఓనరు ‘సారు’ అన్నాడు. బోరు నీళ్లు, డాబా, బట్టలారేసుకునే తీగ, అన్నీ మూడు వేల కిరాయిలోనే అన్నాడు. మూడు నెలలకు మా అవ్వ ఊరి నుంచి వచ్చింది. ఓనరు భార్యతో మాటల్లో మా ఊరూ, వాడా, ఇంటిపేరూ చెప్పింది. దాచాలని ఆమెకు తెలియదు. ఎందుకు తెలియాలి? వారం తిరగకముందే బోరు మోటరు చెడిపోయింది, మా ఒక్కరికే. డాబా మెట్లకు తాళం పడింది. ‘మీరు’ పోయి ‘నువ్వు’ వచ్చింది. కిరాయి మాత్రం రూపాయి తగ్గలేదు. మా బిందెకు మైల ఉంది గానీ మా నోట్లకు లేదు.

‘ముందుగాల్నే చెప్పకపోతివి’ అన్నాడు ఓనరు. చెప్పకపోతే మోసమా? ఇంట్లో ఎంతమంది, కిరాయి ఏ తారీఖున ఇస్తాడు, ఇవి నేను చెప్పాలి. కప్పు కురుస్తదా లేదా ఆయన చెప్పాలి. మా బేరంలో కులం లేదు. లేనిదాన్ని దాచేదెట్లా? 1917లో బరోడాలో అంబేడ్కర్ పార్సీ పేరు పెట్టుకుని పార్సీల సత్రంలో దిగాడు. పదకొండో రోజు కట్టెలు పట్టుకొచ్చి వెళ్లగొట్టారు. అక్కడ అబద్ధం ఆయనదా, పేరు మార్చుకుంటే తప్ప తల దాచుకోనియ్యని ఊరిదా?

ఇక చట్టం. 1960 నాటి అద్దె నియంత్రణ చట్టం సరైన కారణం లేకుండా నీళ్లు బందు పెట్టొద్దంటుంది. ఖేడ్ గ్రామపంచాయతీగా ఉన్నన్నాళ్లు అది ఇక్కడ లేదు. మున్సిపాలిటీ అయ్యాక వచ్చినా, కార్పొరేషన్ల బయట రెండు వేలు దాటిన కిరాయి ఇండ్లను 2005 సవరణ దాని కింది నుంచి తీసేసింది. కిరాయిదారుగా నల్లా అడుగుదామంటే ఆ తలుపు మూసి ఉంది. తెరిచి ఉన్నది అట్రాసిటీ చట్టం. అందరితో ఏ షరతుల మీద వ్యవహారం నడుస్తుందో మాతో అట్లా నడపకపోతే ఆర్థిక బహిష్కరణేనని 2016లో అమలుకొచ్చిన సవరణ చెప్తుంది. అంటే బిందెడు నీళ్లకు కూడా నేను మాదిగగానే పోలీసు స్టేషన్ మెట్లెక్కాలి. కులం నేను దాచానన్నవాడే నాతో దాన్ని చెప్పిస్తున్నాడు.

‘ఖాళీ చేసెయ్ సారూ, ఆత్మగౌరవం లేదా?’ అంటాడు తోటి టీచరు. మంచివాడే. సొంతింట్లో ఉంటాడు. ఆత్మగౌరవమంటే మూటాముల్లె సర్దుకోవడమేనా? మా అవ్వా బాపూ చెరుకు కొట్టబోయిన కాడల్లా గుడిసె పీకి గుడిసె వేశారు. వాళ్లకది గౌరవమని ఎవరూ అనలేదు. నేను పోతే ఓనరుకు ఇల్లు శుద్ధి అయినట్టే, ఖర్చు లేకుండా. ఇంకో ఇంటి ముందు నిలబడితే మొదటి ప్రశ్న మళ్లీ అదే, ‘మీరేమిట్లు?’

దరఖాస్తు రాశాను. నీళ్లు, డాబా తాళం రెండే రాస్తే నా భార్య చదివి, తీగ సంగతి కూడా రాయించింది.