అరిస్టాటిల్ ఆగిన చోటు

మన సాహిత్య విమర్శలో "చారిత్రక పరిమితి" అనే మాట చాలా తేలిగ్గా చెలామణీ అవుతున్నది. ఒక ప్రాచీనుణ్ణి మెచ్చుకోదలచినవారు ఆయన తప్పులన్నిటినీ ఆ మాట కింద కప్పిపెడతారు. తోసిపుచ్చదలచినవారు ఆ మాటతోనే ఆయనను మూటగట్టి అవతల పారవేస్తారు. గ్రీకు తత్వశాస్త్రం విషయంలో మన మిత్రులు ఈ రెండు పనులూ చేస్తూనే వున్నారు. అదంతా బానిస యజమానుల భావజాలం, మనకెందుకని ఒకరు. ఆ కాలంలో అంతకంటే ఎవరు చూడగలిగారని మరొకరు. ఇద్దరూ మార్క్స్‌నే సాక్షిగా పిలుస్తారు. కాబట్టి మార్క్స్ నిజంగా ఏమన్నాడో, ఆ అన్నది ఎంతవరకు వర్తిస్తుందో తేల్చుకోవటం అవసరమని నేను భావిస్తున్నాను.

మార్క్స్‌కు గ్రీకులు పరాయివాళ్లు కారు. 1841లో ఆయన యేనా విశ్వవిద్యాలయానికి సమర్పించిన డాక్టరేటు వ్యాసమే డెమొక్రిటస్, ఎపిక్యూరస్‌ల ప్రకృతి తత్వాల మధ్య భేదాన్ని గురించినది. ఇద్దరూ పరమాణువాదులే. అయితే ఎపిక్యూరస్ చెప్పిన పరమాణువు తిన్నగా పడుతూ పడుతూ ఒక్క పిసరు పక్కకు ఒరుగుతుంది. ఆ ఒరుగును చూసి పూర్వపండితులు నవ్వారు. ఇరవై మూడేళ్లయినా నిండని మార్క్స్ మాత్రం అందులో విధి సంకెళ్లను తెంచుకునే ప్రయత్నాన్ని చూశాడు. ఆ సంగతి ఇక్కడ పొడిగించను. నాకు కావలసింది 1867 నాటి మార్క్స్.

"పెట్టుబడి" మొదటి సంపుటం మొదటి అధ్యాయంలో, విలువ రూపాన్ని విశ్లేషిస్తూ, ఆయన అరిస్టాటిల్ దగ్గరకు వెళతాడు. అరిస్టాటిల్ తన నీతిశాస్త్రం అయిదవ భాగంలో వేసిన ప్రశ్న పైకి చిన్నదే. అయిదు మంచాలు ఒక ఇంటికి సమానం అంటున్నాం. మంచం వేరు, ఇల్లు వేరు. రెంటిలోనూ సమానమైనది ఏదో ఒకటి లేకపోతే ఈ లెక్క కుదరదు. ఆ ఒకటి ఏమిటి? ఇంతవరకు వచ్చి అరిస్టాటిల్ ఆగిపోయాడు. నిజానికి ఇంత భిన్నమైన వస్తువులకు ఉమ్మడి కొలత వుండదనీ, వ్యవహార అవసరానికి మాత్రం సరిపెట్టుకుంటున్నామనీ తేల్చివేశాడు.

ఆ ఒకటి మనిషి శ్రమ అంటాడు మార్క్స్. మరి అది అరిస్టాటిల్‌కు ఎందుకు దొరకలేదు? తెలివి చాలక కాదు. మారకంలో సమానత్వం దాగివున్నదని పసిగట్టటమే ఆయన మేధకు నిదర్శనమని మార్క్స్ మెచ్చుకుంటాడు. కాని ఆయన బతికిన సమాజం బానిసల శ్రమ మీద నిలిచింది. మనుషులు అసమానులు, వారి శ్రమలు అసమానాలు అన్నదే దాని పునాది. సరుకుల మారకం మనుషుల మధ్య ప్రధాన సంబంధంగా మారి, మానవ సమానత్వం జనసామాన్యంలో పాతుకుపోయిన నమ్మకం అయితే తప్ప, వడ్రంగి శ్రమా తాపీపనివాడి శ్రమా ఒకే తాసులో తూగవు.

ఒక భావం పుట్టటానికి ఎటువంటి సమాజం కావాలో ఇంత క్లుప్తంగా చూపిన ఉదాహరణ నాకు మరొకటి తెలియదు. ఇక్కడ "పరిమితి" అన్న మాటకు కచ్చితమైన అర్థం వున్నది. దుర్భిణి లేని కాలపు మనిషిని గురుగ్రహం చుట్టూ తిరిగే చంద్రులను చూడలేదని ఎవరూ నిందించరు. విలువ విషయంలో అరిస్టాటిల్ స్థితి అది.

చిక్కు తరువాత వస్తుంది. మన మిత్రులు ఈ వివరణను అక్కడినుంచి ఎత్తుకొచ్చి, ఆయన "రాజనీతి" గ్రంథం మొదటి భాగానికి అతికిస్తారు. బానిసత్వాన్ని సమర్థించటం కూడా అలాంటి పరిమితే అంటారు. ఆ భాగాన్ని శ్రద్ధగా చదివినవారెవరూ ఆ మాట అనలేరు. బానిసత్వం ప్రకృతి విరుద్ధమని వాదించేవారు కొందరున్నారని అక్కడ అరిస్టాటిలే చెబుతున్నాడు. ఒకడు యజమాని, మరొకడు బానిస కావటం చట్టం చేసిన పనే గాని ప్రకృతిలో ఆ తేడా లేదనీ, బలప్రయోగం మీద నిలిచింది గనుక అది అన్యాయమనీ వారి వాదం. అంటే అరిస్టాటిల్ ఆ మాట విన్నాడు. విని, జవాబు చెప్పటానికి కూర్చున్నాడు. కొందరు పుట్టుకతోనే బానిసలని సిద్ధాంతం చేశాడు. చేస్తూనే ఇబ్బందిపడ్డాడు: ప్రకృతి ఉద్దేశించినా, బానిసలకు స్వతంత్రుల శరీరాలు రావటం తరచు జరుగుతుందని ఒప్పుకున్నాడు. యుద్ధంలో చిక్కినవాడు ప్రకృతి సిద్ధమైన బానిస కానక్కరలేదనీ ఒప్పుకున్నాడు. దుర్భిణి లేనివాడి మౌనం ఇలా వుండదు. ఇది ఎదుటివాడి వాదం విని తడబడుతున్నవాడి మాట.

అరిస్టాటిల్ కాలంలోనే ఆల్కిడమస్ అనే వక్త మెస్సీనియా విమోచన సందర్భంలో, ప్రకృతి ఎవరినీ బానిసగా పుట్టించలేదనే భావాన్ని ప్రకటించాడు. ఆయన స్పార్టావారి కింద నలిగిన తోటి గ్రీకులను గురించే మాట్లాడాడని కొందరు అభ్యంతరం చెబుతారు. సరే, ఆల్కిడమస్‌ను పక్కన పెడదాం. అరిస్టాటిల్ పేర్కొన్న ఆ పేరులేని వాదులు మాత్రం మొత్తం బానిసత్వాన్నే తప్పుపట్టారు.

పండితులను కూడా పక్కన పెడదాం. క్రీ.పూ. 413లో స్పార్టా సైన్యం ఏథెన్సు పొలిమేరలో డెకెలియాను ఆక్రమించుకుని కూర్చున్న తరువాత 20,000 మందికి పైగా బానిసలు పారిపోయారనీ, వారిలో అధికభాగం చేతిపనివారనీ థుసిడిడీస్ రాశాడు. అప్పటికి అరిస్టాటిల్ ఇంకా పుట్టలేదు. ఆ 20,000 మంది ఏ గ్రంథమూ రాయలేదు. బానిసత్వాన్ని గురించి వారి అభిప్రాయం ఏమిటో తెలుసుకోవటానికి గ్రంథం అక్కరలేదు. "ఆ యుగంలో ఎవరికీ కనిపించలేదు" అని మనం అన్నప్పుడల్లా, ఆ "ఎవరికీ" అన్నదానిలో వీళ్లను లెక్కపెట్టటం లేదు. శ్రామికవర్గ దృక్పథం మాదని చెప్పుకునే మనం యజమానుల జనాభా లెక్కనే యుగమంటున్నాం!

ఇక్కడ ఏంగెల్స్‌ను నాకు ఎదురు నిలబెట్టవచ్చు. 1878లో పుస్తకరూపంలో వచ్చిన "యాంటీ డ్యూరింగ్"లో ఆయన, ప్రాచీన బానిసత్వం లేకపోతే గ్రీకు కళ, విజ్ఞానం లేవనీ, ఆ మాటకొస్తే ఆధునిక సోషలిజమూ లేదనీ వాదించాడు. ఉత్పత్తిశక్తుల చరిత్రగా దాన్ని నేను కాదనను. ఏ గ్రీకు నగరమూ బానిసత్వాన్ని రద్దుచేయలేదు, చేయగలిగే ఆర్థిక స్థితీ లేదు. ఒక వ్యవస్థ ఆనాటికి తప్పనిసరి అనటం ఒకటి, దాని అన్యాయం ఆనాటివారికి తెలియదనటం మరొకటి. మొదటిది నిజమైనంత మాత్రాన రెండవది నిజం కాదు. ఈ భేదాన్ని చెరిపేస్తే మన చేతిలో చారిత్రక భౌతికవాదం పోయి క్షమాపణపత్రం మిగులుతుంది.

ఈ గొడవ గ్రీకులతో తీరేదికాదు. కులాన్ని సమర్థించిన మన ప్రాచీన గ్రంథకర్తలకూ ఇదే వకాలతు నడుస్తున్నది. 12వ శతాబ్దంలో బసవన్న కులాన్ని నిలదీశాక, ఆ కథను పాల్కురికి సోమన తెలుగులో రాశాక, ఆ తరువాతివారిని గురించి "కాలం అలాంటిది" అనటానికి నోరెలా వస్తుందో నాకు అర్థం కాదు.

అట్లా అని అరిస్టాటిల్‌ను పారవేయమంటున్నానా? లేదు. కొద్దిమంది పాలన, ప్రజాపాలనల మధ్య అసలు తేడా పాలించేవారి సంఖ్యలో లేదు, సంపదలోనూ పేదరికంలోనూ వున్నదని "రాజనీతి" మూడవ భాగంలో చెప్పినవాడాయన. డి స్టె క్రోయి 1981లో ప్రాచీన గ్రీకు ప్రపంచపు వర్గపోరాటం మీద తన ఉద్గ్రంథాన్ని ప్రచురించినప్పుడు, మార్క్స్ పక్కన అరిస్టాటిల్‌ను నిలబెట్టి ఆ విశ్లేషణను మనస్ఫూర్తిగా వాడుకున్నాడు. నాడె తనంతట తాను నేస్తే యజమానికి బానిసలతో పని వుండదన్నవాడూ ఆయనే. నాడెలు యంత్రబలంతో ఆడటం మొదలుపెట్టాక పనిదినం తగ్గలేదు, పెరిగిందని మార్క్స్ "పెట్టుబడి"లో ఆయనను గుర్తుచేసుకుంటూనే ఎత్తిపొడిచాడు. అంతటి చూపున్న మనిషి గనుకనే, తన ఇంట్లో పనిచేసేవారి విషయంలో ఆయన వాదాన్ని గట్టిగా నిలదీయాలి.

ఆ ఇంటి సంగతి కొంత మనకు తెలుసు. ఆయన వీలునామాను డయోజినీస్ లయర్షియస్ తన తత్వవేత్తల చరిత్రలో భద్రపరిచాడు. క్రీ.పూ. 322లో మరణించిన అరిస్టాటిల్, తనకు సేవచేసిన చిన్నవాళ్లనెవరినీ అమ్మవద్దని, ఈడు వచ్చాక అర్హతను బట్టి విడుదల చేయమని అందులో ఆదేశించాడు. ప్రకృతే బానిసగా పుట్టించినవాణ్ణి విడుదల చేయటమేమిటి? "రాజనీతి" ఏడవ భాగంలో బానిసలందరికీ స్వేచ్ఛను బహుమతిగా ఆశ చూపటం మంచిదని చెప్పి, కారణం తరువాత వివరిస్తానన్నాడు. మనకు దక్కిన పాఠంలో ఆ వివరణ లేదు. వీలునామాలో ఆంబ్రాకిస్ అనే స్త్రీకి స్వేచ్ఛ ఇచ్చి, తన కూతురి పెళ్లినాడు 500 ద్రాక్మాలు, ఆమె దగ్గర అప్పటికే వున్న దాసిని ఇవ్వమన్నాడు. ఆ దాసి పేరు అందులో రాయలేదు.