‘అందఱికి’ అను మాట

వ్రాయుటకు మిక్కిలి సులభమైనదియు, నెఱవేర్చుటకు మిక్కిలి కష్టమైనదియు నగు మాట యొకటి కలదు. అది ‘అందఱికి’ అను మాట. ‘అందఱును ఆహ్వానితులే’ యని సభాపత్రములపై వ్రాయుదుము. ‘సర్వజనోపయోగార్థము’ అని గ్రంథముల ముఖపత్రములపై ముద్రింతుము. ఆ మాట వ్రాయునపుడు మన మనస్సున మెదలు ఆ ‘అందఱు’ ఎవరు? ఈ ప్రశ్నకు నేను నిజముగా నుత్తరము చెప్పుకొనవలసిన దినమొకటి వచ్చినది. దానిని చదువరులకు విన్నవించి, పిదప విచారమునకు దిగెదను.

కొంతకాలము క్రిందట మా వీధి గ్రంథాలయమున నొక యుపన్యాసము నేర్పాటు చేసితిమి. ఆహ్వానపత్రికను నేనే కూర్చితిని. చక్కని రంగులు వేసి, అక్షరములను బొమ్మలో నిమిడ్చి, నెఱిగినవారి ఫోనుల కెల్ల పంపితిని. వారిలో నొకరు చూపు కోల్పోయిన వృద్ధపండితులు. తెరపై నున్న వ్రాతను వారి ఫోను చదివి వినిపించును. మఱునాడు వారు, “నాయనా, నీవు పంపినదానిని నా ఫోను ‘చిత్రము’ అని చెప్పి యూరకున్నది. అందేమున్నదో యితరుల నడుగుదునా, నీవే చెప్పెదవా?” అనిరి. ఆ మాటలో కోపము లేదు. కోపమే యున్నచో నాకు కొంత సుఖముగా నుండెడిది. ఆనాటి యుపన్యాస విషయము ‘విద్య యెల్లరి సొత్తు’.

నేను వారిని ద్వేషించితినా? లేదు. అవమానింప దలచితినా? లేదు. మఱచితిని, అంతియే. ఈ కాలపు బహిష్కారములకు లక్షణమిదియే. 1874లో ధవళేశ్వరమున వీరేశలింగము పంతులుగారు బాలికా పాఠశాల నెలకొల్పిన దినములలో, స్త్రీలకు చదువేల యని నోరు తెఱచి వాదించువారుండిరి. వాదించువాడున్నచో ఖండించుటకు వీలుండును. నేడు చలనచిత్రపు పాఠము చూపులేనివారి కక్కఱలేదని గాని, వినికిడి లేని బాలికకు వార్తలేల యని గాని యెవ్వరును వాదింపరు. అయినను తలుపు మూసియే యున్నది. మూసినవాని నడిగిన, ‘నేను మూయలేదే!’ యని నిజముగనే యాశ్చర్యపడును.

ఈ తలుపులు తెఱచు విధము మంత్రవిద్య కాదు. బొమ్మతోపాటు దానిలో నేమున్నదో రెండు వాక్యములు వ్రాసిపెట్టిన, తెరను చదువు సాధనము దానిని వినిపించును. విడియోలో పలికిన మాటలను తెర యడుగున క్యాప్షన్లుగా వేసిన, వినికిడి లేనివారికి తెలియును. తలుపు తట్టిన చప్పుడు, వెనుక వినవచ్చిన యేడ్పు గూడ వ్రాయవలయును, ఏలయన కథ యొకొకప్పుడు వానియందే యుండును. మాటలేని దృశ్యమును నడుమనడుమ నొక కంఠము వర్ణించిన, చూపులేనివారికి కథ తెగదు. మన తెలుగునకు మఱియొక చిక్కు కలదు. యూనికోడు రాకపూర్వము పుట్టిన పలు ఫాంట్లలో కూర్చిన పుటలు కంటికి తెలుగుగా నగపడును గాని, యంత్రము కడుపులో నున్నవి ఇంగ్లీషు అక్షరములకు, చిహ్నములకు నేర్పడిన సంకేతములే. చదువు సాధనము వానిని విప్పబోయిన వినవచ్చునది యర్థములేని గొణుగుడు. తెలుగు యూనికోడులో 1991 నుండియు నున్నది. ఇంకను పాత తెరువునే పోవుట యలవాటే గాని యవసరము గాదు.

ఇపుడు మూలప్రశ్నకు వత్తము. ఇట్లు చేయుట దయయా, ఋణమా? దయ యనువారు సద్బుద్ధితోనే యందురు. కాని యొక్క సంగతి విచారింపుడు. ఆ పండితులకు చూపు పోవుట నా వలన గాదు. అక్షరములను బొమ్మలో బంధించినది మాత్రము నా చేయియే. నేను కట్టిన గోడను నేను కూల్చుట దానమెట్లగును? మఱియు, ఇచ్చువారెవరు, పుచ్చుకొనువారెవరు అనునదియు నంత తేట కాదు. 2006లో ఆస్ట్రేలియాలో మైకేల్ కరన్ అను చూపులేని యువకుడు, ఎన్.వి.డి.ఏ. అను తెర చదువు సాధనమును రచింప నారంభించెను. దానిని లోకమునకు వెల లేకుండ నిచ్చిరి. మనము దయ చూపదలచిన జనమునుండియే యింతటి దానము వచ్చినది.

శాసనములును ఋణమనియే పలుకుచున్నవి. వికలాంగుల హక్కులను గూర్చి 2006లో ఐక్యరాజ్యసమితి కావించిన యొడంబడికను భారతదేశము 2007లో నంగీకరించినది. 2016 నాటి మన చట్టము దృశ్యశ్రవ్య సమాచారము వారికందునట్లు చూడవలయునని ప్రభుత్వమును శాసించినది. 2025 ఏప్రిల్ 30న సుప్రీం కోర్టు, డిజిటల్ సేవల నందుకొనుట రాజ్యాంగపు 21వ అధికరణమున జీవించు హక్కులో భాగమని తీర్పు చెప్పినది.

అయితే ‘అట్టివారు కొందఱే గదా, వ్యయమో యధికము’ అను నాక్షేపణ కలదు. 2011 జనాభా లెక్కలలో మన దేశమున వికలాంగులుగా లెక్కింపబడినవారు 2 కోట్ల 68 లక్షలు. ఇది కొందఱనదగిన సంఖ్య గాదు. వ్యయమందురా, ఇల్లు కట్టునపుడే తలుపు వెడల్పుగా నుంచుటకు ఖర్చు స్వల్పము. కట్టినపిదప గోడ పగులగొట్టుటకే ఖర్చు. ఇంక క్యాప్షన్లు పసిపాప నిద్రించు నింటను, రొదగల బస్సులోను నెల్లరకు నుపయోగించును గదా యని కొందఱు సమర్థింతురు. అది నిజమే. కాని న్యాయమునకు లాభమును జామీనుగా నడుగుట నాకు రుచింపదు. లాభము పొందువాడొక్కడే యైనను, ‘అందఱికి’ అని నేను వ్రాసియున్నచో వాడు నన్నడుగ నర్హుడు.

సాధనముల భేదమును మఱువరాదు. పాత ఫోను, మందకొడి సంబంధము గల పల్లెయింట బరువైన విడియో తెఱచుకొనదు. 2020లో బడులు మూతపడినపుడు తెలంగాణమున సెప్టెంబరు 1 నుండి దూరదర్శన్ యాదగిరి, టీ-శాట్ ద్వారములగుండ పాఠములు ప్రసారమైనవి. చక్కని ఫోను లేని యింటికి టెలివిజను దిక్కైనది. ఒక్క బాటనే నమ్మిన పాఠము కొందఱ గుమ్మమున నాగిపోవును. ఈ విషయమై 1999 నుండి నియమములు వెలువరించుచున్న వరల్డ్ వైడ్ వెబ్ కన్సార్షియం, 2008లో వానిని నాలుగు సూత్రముల క్రింద కూర్చినది: గ్రహింపదగినదై, నడుపదగినదై, తెలియదగినదై, యే సాధనమునందైనను నిలువదగినదై యుండవలయును.

ఒక్కటి యొప్పుకొనవలయును. పుట్టుకతో వినికిడి లేనివారికి రాగమును, చూపులేనివారికి సంధ్యారాగపు వన్నెను యథాతథముగ నందింప నెవ్వరికిని శక్యము గాదు. అశక్యమైనదానికి ఋణము లేదు. కాని సభ యే దినమో, పాఠమున గురువేమనెనో యందించుట శక్యము. శక్యమైనదానిని మఱపుచేత బిగపట్టుటయే దోషము. యంత్రము తానే క్యాప్షన్లు కూర్చునని నిశ్చింతగా నుండువారు, తమ పేరును అది యెట్లు వ్రాసినదో యొకసారి చూచుకొందురు గాక. దిద్దవలసిన బాధ్యత మాట పలికినవానిదే.

ఆనాడే యాహ్వానమును మాటలలో వ్రాసి పండితులకు పంపితిని. వారు వచ్చి ముందు వరుసలో గూర్చుండిరి. ఉపన్యాసానంతరము మా యందఱికన్న మంచి ప్రశ్న నడిగిరి. ఆ ప్రశ్న లేకయే సభ ముగిసియున్నచో, కొఱత యేదియో మాకు తెలిసియుండదు. ఈ దినమున మీ యింట పెండ్లిపత్రికయో, పిల్లవాని పాటయో పదుగురికి బంపునపుడు, క్రింద రెండు వాక్యములు వ్రాయుడు. అందుకు నిమిషము చాలును.