పైరు మేసిన లేడి

బరంపురమునుండి ఆస్కా దాటి పొలసర, బుగుడా ప్రాంతములకు పోవువారికి దారి ప్రక్క చేలలో కృష్ణమృగముల మందలు కనబడుట కద్దు. మగది ఇఱ్ఱి, వీపు నలుపు, పొట్ట తెలుపు, కొమ్ములు మెలితిరిగి యుండును. ఆడుది లేడి; లేత గోధుమవన్నె గలది. ఈ మృగమునకు దట్టమైన అడవి గిట్టదు, బయలే దాని వనము. అందుచేత భేటనై, బలిపదర్ గ్రామముల పరిసరములలో దానిని చూడబోవువారు కొండలు ఎక్క నక్కరలేదు. చదునైన పొలము గట్లవెంట వృద్ధులు, పిల్లలు సైతము నెమ్మదిగా నడచి చూచి రావచ్చును.

అక్కడ కంచె లేదు. రైతులే కాపరులు. పూర్వ మొకప్పుడు చిరకాలము వానలు లేక యుండగా కొన్ని మృగములు ఆ పొలములకు వచ్చెననియు, వాని వెనుకనే వాన కురిసెననియు, నాటినుండి వానిని ఎవరును చంపరనియు ఆ గ్రామములవారు చెప్పుకొందురు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము వానికి మొదటి షెడ్యూలులో రక్షణ నిచ్చినది. గ్రామస్థుల కట్టుబాటు దానికంటె పాతది. 2018లో 4,000కు పైబడిన గంజాం మృగముల సంఖ్య 2021 లెక్కకు 7,000 దాటినది.

జైన గృహస్థునకు ఇది వినుటకు ఇంపైన వార్త. శాంతినాథస్వామి లాంఛనము మృగమే. నేమినాథస్వామి తన పెండ్లి విందుకై బంధించిన జంతువుల ఆక్రందన విని రథము మరలించి గిరినారమునకు పోయెను. హైదరాబాదు చెంత 1975లో కృష్ణమృగములకై ఏర్పడిన వనమునకు, మహావీరస్వామి నిర్వాణము యొక్క 2500వ సంవత్సర స్మారకముగా, మహావీర హరిణ వనస్థలి యని పేరిడిరి. ఒకనాడు నిజాముల వేటభూమి యది. అక్కడ మృగము మేసిన గడ్డి ఏ రైతు సొత్తును కాదు. పొలసర వైపున మాత్రము అది మేసినది ఒకని పెసరచేను.

చిక్కు ఇక్కడనే యున్నది. నాగలి దిగినంతనే నేలలోని జీవములు ఎన్నియో నశించునని, శ్రావకులకు వర్జ్యమైన పదునైదు కర్మాదానములలో పెద్దలు స్ఫోటకర్మను చేర్చిరి. వర్తకము చేపట్టిన కుటుంబములకు ఇది యొక ఊరట. కాని పెసలు కొని తూచి అమ్ము వర్తకుడును, దున్ని పండించిన రైతును ప్రక్కప్రక్కన నిలిచినపుడు, మృగమునకు అభయ మిచ్చినవాడెవడు? వర్తకుడు చంపలేదు, నిజమే. చంపవలసిన అగత్యము అతనికి ఏనాడు కలిగినది? రైతునకు ప్రతి పంటకును కలుగుచున్నది. మొలకెత్తిన చేను మోడువారి యుండుట చూచి, గట్టుమీద నిలిచి కేకవేసి తోలి, అంతతో ఊరకుండుట యెట్టిదో గద్దెమీద కూర్చున్నవానికి తెలియుట కష్టము.

వాన నాశించి చేసిన దయ దయ యగునా యని విజ్ఞు లడుగవచ్చును. భావమునుబట్టియే కర్మబంధము గనుక ఈ ఆక్షేపణ తేలికైనది కాదు. (దానధర్మముల పద్దులలో పుణ్యాపేక్ష లేనివి ఎన్ని యనునది వేరు మాట.) అయితే వాన రాని యేడు కూడ ఆ కట్టుబాటు నిలిచినచో దానిని బేరమనుట ఎట్లు? ఆ యేడు రైతు గాదెలో ఉన్నదే కొంచెము. మృగమునకును మేత కరవే.

చూడబోవువాని సంగతియు కొంత కలదు. మంద బెదరి గంతులు వేయుట చూడవలెనని మోటారు హారను మ్రోగించుట, పిల్లలను వాని మీదికి ఉసికొల్పుట అనర్థదండము గాక మరేమి? సాధువులు కాడి పొడవు నేలను ముందు చూచుకొనుచు అడుగు వేయుదురు, అది ఈర్యాసమితి. వినోదమునకై వచ్చిన గృహస్థునకు అంత నియమము లేదు గాని, గట్టు దిగి ఛాయాచిత్రమునకై చేనిలో కాలు పెట్టినచో, మృగము మేయక విడిచిన మొక్క అతని చెప్పు క్రింద పడును.