దిద్దినవారి పేరు

ఎవరిని ఎక్కడ పొగడాలో చెప్పే పాత సుభాషితం ఒకటుంది. గురువుల్ని ఎదురుగానే పొగడచ్చు. స్నేహితుల్నీ బంధువుల్నీ వాళ్ళు లేనప్పుడు పొగడాలి. పనివాళ్ళని పని పూర్తయ్యాక పొగడాలి. కొడుకుల్ని మాత్రం ఎప్పుడూ పొగడకూడదు. ఈ చివరి నియమాన్ని మన ఇళ్ళల్లో పెద్దలు ఎంత నిష్ఠగా పాటించారో చాలామందికి అనుభవమే. నవ్వుకోవడానికి బాగానే ఉంది కానీ, ఈ శ్లోకం వెనకాల ఒక నిజమైన జాగ్రత్త ఉంది. పొగడ్త ఊరికే గాల్లో కలిసిపోదు. విన్నవాడినీ, అన్నవాడినీ, పక్కన నిలబడి చూసినవాడినీ కూడా కాస్త మారుస్తుంది. అందుకే దానికి చోటూ వేళా చూసుకోమన్నారు.

ఈ పట్టికలో లేని మనిషి ఒకరున్నారు. మన గురువు కాదు, చుట్టం కాదు, మన దగ్గర జీతం తీసుకునేవాడు కాదు. ముఖం కూడా చూసి ఉండం. మనం సరదాకి చేసుకుంటున్న పనిని తీరిగ్గా చూసి, "ఇక్కడ పొరపాటు పడింది, ఇలా మారిస్తే సరిపోతుంది" అని చెప్పి వెళ్ళిపోయారు. ఆయన్ని నలుగురిలో పొగడాలా? చాటుగా ఒక నమస్కారం పెట్టి ఊరుకోవాలా? చిన్న మర్యాద ప్రశ్నలాగే కనిపిస్తుంది. దీని అడుగున మాత్రం కొంచెం పెద్ద ప్రశ్నే ఉందనుకుంటాను.

ఉదాహరణకి పద్యాలు రాసే సరదానే తీసుకుందాం. ఉద్యోగం ఒకటీ, వ్యసనం ఇంకొకటీ అయినవాళ్ళు తెలుగులో ఇప్పటికీ చాలామందే ఉన్నారు. రోజుకో సమస్య ఇచ్చుకుని పూరించుకునే గుంపుల్లో బ్యాంకు ఉద్యోగులుంటారు, రిటైరైన మాస్టార్లుంటారు, డాలస్‌లోనో సిడ్నీలోనో ఉండి రాత్రిళ్ళు గణాలు లెక్కపెట్టుకునే సాఫ్ట్‌వేర్ వాళ్ళుంటారు. డబ్బు రాదు, పేరు పెద్దగా రాదు. అక్కడ నడిచే వ్యాపారమంతా ఒకటే: ఒకరి పద్యం ఇంకొకరు శ్రద్ధగా చదవడం.

కొత్తగా నేర్చుకుంటున్న ఒకమ్మాయి కందపద్యం రాసిందనుకోండి. మొదటి పాదంలో రెండో గణం "వచ్చెను", మూడో గణం "వసంత". చెవికి బాగానే ఉంది. కానీ కందంలో బేసి గణాల్లో జగణం రాకూడదు. "వసంత" అంటే లఘువు, గురువు, లఘువు, అంటే అచ్చంగా జగణమే. ఒక పెద్దాయన అది చూసి, "వసంత తీసి ఆమని వెయ్యమ్మా, భగణం అవుతుంది" అన్నారు. బేసి పాదం కాబట్టి యతి గొడవ లేదు, ప్రాసకీ ఇబ్బంది లేదు. ఆ అమ్మాయి ముందు ఇప్పుడు మూడు దారులున్నాయి.

మొదటిది, చప్పుడు చెయ్యకుండా పద్యాన్ని మార్చేసుకోవడం. రెండోది, "ధన్యవాదాలు గురువుగారూ" అని రెండు దండాలు పెట్టడం. మూడోది, "మూడో గణంలో జగణం పడిందని ఫలానావారు చూపించారు. వసంతని ఆమనిగా మార్చాను" అని అందరికీ కనబడేలా రాయడం.

మూడో దారి పట్టిందనుకుందాం. అప్పుడు ఇంకొకరు వచ్చి అంటారు: "మార్పు బాగుంది కానీ, ముందున్న వచ్చెను ఉకారంతో ముగిసింది. తర్వాత అచ్చు వస్తే సంధి తప్పదు. వచ్చెనామని అయిపోతుంది, ఒక అక్షరం మాయమై గణాలు కదిలిపోతాయి. వచ్చెనుకి బదులు అదిగో పెట్టండి. యడాగమం వచ్చి అదిగో యామని అవుతుంది, లెక్క చెడదు." అంటే మొదట దిద్దిన పెద్దాయన సలహాలోనే ఒక చిన్న మెలిక ఉండిపోయింది. అది బయటపడిందంటే కారణం, ఏం మారిందో ఎవరి మాట మీద మారిందో ఆ అమ్మాయి చెప్పడమే. ఉత్త దండాలతో సరిపెట్టి ఉంటే కొత్త పాదం వైపు ఎవరూ మళ్ళీ చూసి ఉండరు. పక్కన కూర్చుని చదువుతున్న పదిమంది కొత్తవాళ్ళకి జగణం సంగతీ తెలిసేది కాదు, సంధి సంగతీ తెలిసేది కాదు.

ఇక్కడే స్తుతికీ సాక్ష్యానికీ ఉన్న తేడా తెలుస్తుంది. "మీరు మహానుభావులు" అన్నది స్తుతి. దాన్ని ఎవరూ సరిచూడలేరు. "మీరు చెప్పినందువల్ల ఈ అక్షరం మారింది" అన్నది సాక్ష్యం. దాన్ని ఎవరైనా సరిచూసుకోవచ్చు, కాదనవచ్చు. దిద్దినవాళ్ళకి మనం నలుగురిలో బాకీ ఉన్నది ఈ రెండోదేనని నా ఉద్దేశం. మొదటిది ఇచ్చినా ఇవ్వకపోయినా పెద్ద నష్టం లేదు.

మరి నలుగురిలోనే ఎందుకు? చాటుగా చెబితే సరిపోదా? రోమన్ తత్వవేత్త సెనెకా ఉపకారాల గురించి ఒక పుస్తకమే రాశాడు. సాక్షులెవరూ లేనప్పుడు మాత్రమే కృతజ్ఞత చెప్పేవాణ్ణి ఆయన కృతఘ్నుల్లోనే చేర్చాడు. మొదటిసారి చదివినప్పుడు మరీ కఠినంగా అనిపిస్తుంది. ఆలోచిస్తే సంగతి అర్థమౌతుంది. చాటుగా థాంక్స్ చెప్పి బయట గుంభనగా ఉండేవాడు, సాయం అందిందన్న సంగతి తన ప్రతిష్ఠకి మచ్చ అనుకుంటున్నాడు. పద్యం మొత్తం తన ప్రతిభేనని లోకం అనుకోవాలి. అలా అనుకోనివ్వడం చిన్నపాటి అబద్ధమే. తప్పు అందరి ముందూ కనబడి, దిద్దుబాటు చాటున జరిగిపోతే చూసేవాళ్ళకి మిగిలేది సగం కథే.

మన సాహిత్య సంప్రదాయంలో దిద్దినవాడికి ఎక్కడ చోటు ఇచ్చారా అని వెతికితే కాస్త ఆశ్చర్యంగా ఉంటుంది. పాత కావ్యాల అవతారికల్లో ఇష్టదేవతాస్తుతి ఉంటుంది, పూర్వకవిస్తుతి ఉంటుంది, కృతిపతి వంశవర్ణన ఉంటుంది. కుకవినింద కూడా ఉంటుంది. చెడ్డ కవులకైనా ఒక పద్యం దక్కింది కానీ, "ఈ ఆశ్వాసంలో నా పొరపాటు పట్టుకున్నవాడు ఫలానా" అని చెప్పడానికి ఆ వరుసలో ఒక స్థానమంటూ ఏర్పడలేదు. తప్పు పట్టినవాడి కథల్లో మనకి బాగా తెలిసినది నత్కీరుడిది. ధూర్జటి శ్రీకాళహస్తి మాహాత్మ్యంలో చెప్పాడు. కరువులో ఉన్న ఒక అర్చకుడికి శివుడే పద్యం రాసిచ్చి పాండ్యరాజు దగ్గరికి పంపుతాడు. స్త్రీల కురులకి సహజంగా పరిమళం ఉంటుందన్న ఆ పద్యంలోని భావాన్ని నత్కీరుడు సభలో తప్పు పడతాడు. రాసినది శివుడని తెలిసినా వెనక్కి తగ్గడు. దక్కింది కుష్ఠురోగం.

ఈ కథని విమర్శకుడి పక్షాన నిలబడి చెప్పుకోవడం మనకి ఇష్టం. దేవుడికైనా భయపడని నిజాయితీ అంటాం. నిజమే. కానీ కథలో ఆకలితో వచ్చిన అర్చకుడు కూడా ఉన్నాడు. సభలో పట్టిన ఆ తప్పు అతని నోటి దగ్గరి కూడు లాగేసింది. అందరి ముందూ దిద్దడానికి ఒక ఖరీదుంటుంది, దాన్ని ఒక్కోసారి పద్యం రాసినవాడు కాకుండా ఇంకెవరో చెల్లిస్తారు. దిద్దేవాళ్ళకి దండం పెట్టేముందు ఇది గుర్తుంచుకోవాలి.

నత్కీరుడికి పూర్తిగా ఎదురుగా ఉన్న ఉదాహరణ కంప్యూటర్ శాస్త్రంలో ఉంది. డోనాల్డ్ నూత్ తన ప్రసిద్ధ గ్రంథం 'ది ఆర్ట్ ఆఫ్ కంప్యూటర్ ప్రోగ్రామింగ్' మొదటి సంపుటం 1968లో తెచ్చాడు. నాలుగో సంపుటంలో ఆయన మన ఛందశ్శాస్త్రం గురించీ, గురులఘువుల ప్రస్తారం గురించీ కూడా రాశాడు. తన పుస్తకంలో తప్పుని మొదట పట్టుకున్నవారికి 2.56 డాలర్ల చెక్కు పంపడం ఆయన అలవాటు. పదహారు ఆధారంగా వేసే లెక్కలో 256 సెంట్లంటే ఒక డాలరన్నమాట, అదీ అందులోని చమత్కారం. తప్పు కాకుండా పనికొచ్చే సూచన ఏదైనా ఇస్తే దానికి 32 సెంట్లు. ఆ చెక్కుల్ని బ్యాంకులో వేసుకునేకంటే ఫ్రేము కట్టించుకుని గోడకి తగిలించుకున్నవాళ్ళే ఎక్కువ. బ్యాంకు మోసాల భయంతో 2008లో అసలు చెక్కులు మానేసి, శాన్ సెరిఫ్ అనే ఊహాదేశపు బ్యాంకు పేరుమీద సర్టిఫికెట్లు ఇవ్వడం మొదలుపెట్టాడు. ఎవరి ఖాతాలో ఎంతుందో అందరికీ కనబడేలా జాబితా పెట్టాడు.

ఇందులో నాకు నచ్చింది ఆ ధర. ప్రొఫెసరు పట్టుకున్న తప్పుకీ, మొదటి సంవత్సరం కుర్రాడు పట్టుకున్న తప్పుకీ ఒకటే వెల. అది మనిషి గొప్పతనానికి కట్టిన వెల కాదు, ఫలానా పుటలో ఫలానా తప్పుకి కట్టినది. ఎవరూ దానితో ధనవంతులు కాలేరు కాబట్టి, డబ్బుకోసం తప్పులు వెతికే బెడదా పెద్దగా లేదు.

మన సరదా గుంపుల్లో లేనిది సరిగ్గా ఈ సమానత్వమే. పెద్దాయన జగణం చూపిస్తే పది దండాలు పడతాయి. అదే జగణాన్ని నిన్న చేరిన ఒక అమ్మాయి చూపిస్తే "సరే, చూస్తాను" అంటారు, తర్వాత మెల్లగా మార్చుకుంటారు. ఇక ఆ పెద్దాయన పద్యంలోనే యతి తప్పిందని ఆమె చెబితే? చాలాచోట్ల జరిగేది ఏమిటంటే, పద్యం మర్నాటికి మారిపోయి ఉంటుంది, ఆమె మాట మాత్రం అక్కడే అనాథగా ఉండిపోతుంది. ఎవరికి నలుగురిలో కృతజ్ఞత దక్కుతుందో వాళ్ళ మాటకే రేపు విలువ పెరుగుతుంది. కాబట్టి మనం చెప్పే థాంక్స్ మర్యాదతో ఆగిపోవడం లేదు, ఎవరు చెబితే వినాలో కూడా అదే నిర్ణయిస్తోంది. ఈ సంగతి గమనించకుండా ఉదారంగా పొగిడేవాళ్ళు కూడా అన్యాయం చేస్తూ ఉండచ్చు. పొగడ్త ఎక్కువైనందుకు కాదు, అది ఎప్పుడూ పైకే ప్రవహిస్తున్నందుకు.

ఇంకో రెండు చిక్కులున్నాయి. కొందరు తప్పు చూపిస్తారు కానీ, "ఇదీ ఒక పద్యమేనా" అని మొదలుపెట్టి చూపిస్తారు. చెప్పింది సరైనదే. అలాంటివారికి "మీ నిష్కర్షకి జోహార్లు" అంటే తర్వాత వచ్చే కొత్తవాడి మీద అదే కొరడా ఆడించడానికి లైసెన్సు ఇచ్చినట్టే. గణం గురించి చెప్పినదానికి గణం వరకే కృతజ్ఞత చెప్పాలి. కొరడాకి చెప్పక్కర్లేదు. రెండోది దీనికి తిరగేసిన చిక్కు. కొందరు మన పరువు పోకూడదని చాటుగా ఫోన్ చేసి చెబుతారు. వాళ్ళ పేరు బయటపెడితే వాళ్ళు చూపిన సున్నితత్వాన్ని మనమే కాలదన్నినట్టు అవుతుంది. అలాంటప్పుడు "ఒక మిత్రులు చూపించగా మార్చాను" అంటే చాలు. పేరు చెప్పమంటారా అని వాళ్ళనే అడిగితే ఇంకా మంచిది. సాక్ష్యంలో దాచకూడనిది మార్పు. పేరు వాళ్ళ సొత్తు.

ఇంత చెప్పాక, అసలు థాంక్స్ అన్నది మన భాషలో ఇమడదనే మాట కూడా వినిపిస్తుంది. ధన్యవాదాలు అంటే సభలో దండ వేసినట్టుంటుంది, కృతజ్ఞతలు అంటే ఉత్తరం చివర సంతకంలా ఉంటుంది. మామూలుగా అయితే మనం "నీ మేలు మరిచిపోను" అంటాం, "చల్లగా ఉండు నాయనా" అంటాం. గమనిస్తే, ఇవేవీ అవతలివాళ్ళ గొప్పతనాన్ని కొలిచే మాటలు కావు. మొదటిది గుర్తుపెట్టుకుంటానన్న మాట ఇవ్వడం. సెనెకా కూడా అదే అన్నాడు: చేసినవాడు వెంటనే మరిచిపోవాలి, పొందినవాడు ఎప్పటికీ మరవకూడదు. నలుగురిలో పేరు చెప్పడమంటే ఆ జ్ఞాపకాన్ని మన ఒక్కరి దగ్గరే ఉంచుకోకుండా నలుగురికీ పంచి పెట్టడం.

అందుకని, పెద్దపేరున్న ఒక పద్యకవి తన పద్యం కింద "నాలుగో పాదంలో యతి తప్పిందని నిన్న చేరిన ఫలానా అమ్మాయి చూపించింది, మార్చాను" అని ఒక్క వాక్యం రాస్తే, ఆ గుంపుకి అంతకంటే మేలు చేసే పొగడ్త నాకు తోచడం లేదు. ఆ వాక్యంలో ఒక్క విశేషణం కూడా ఉండక్కర్లేదు. దాన్ని చదివిన ఇంకో కొత్తవాడు, రెండు నెలలుగా నోరు విప్పనివాడు, రేపు ఎవరి పద్యంలోనో ఒక జగణం కనబడితే చెప్పడానికి భయపడడు.