సరిపోలిక ప్రమాణమగునా?

జ్ఞానమునకు ప్రామాణ్యము స్వతస్సిద్ధమా, లేక పరతస్సిద్ధమా యని మీమాంసకులును నైయాయికులును శతాబ్దముల తరబడి వాదించిరి. అది పండితుల వాగ్వ్యాయామమే యని తలచువారు మైక్రోకంట్రోలరు చిప్పులలోనికి ప్రోగ్రాములను ఎక్కించు బల్లకడకు పోయి చూడవలయును.

ఇంటెల్ హెక్స్ ఫైలులోని ప్రతి పంక్తియు కోలన్ గుర్తుతో మొదలై, తనయందు దత్తాంశపు బైట్లెన్ని గలవో, అవి యే అడ్రసున చేరవలయునో, తాను ఏ జాతి పంక్తియో తెలిపి, దత్తాంశమును వహించి, తుదిని చెక్‌సమ్ అను సాక్షిని నిలుపుకొనును. ఆ సాక్షితో గూడ బైట్లన్నిటిని కలిపి 256చే భాగించినచో శేషము సున్న కావలయును. బిన్ ఫైలునకు ఈ పరివారమేదియు లేదు. అది వట్టి బైట్ల వరుస. ఎస్‌టీఎమ్32 చిప్పున ఫ్లాష్ మెమరీ షోడశాంకమానమున 08000000 వద్ద మొదలగునని చెప్పవలసిన భారము ఎక్కించువానిదే.

ఇక ఎక్కించు సాఫ్ట్‌వేరు హెక్స్ ఫైలును బిన్ ఫైలుగా భ్రమించి తెరచినచో, ఆ పంక్తుల అక్షరములే చిప్పులోనికి పోవును. ప్రోగ్రాము తొలి బైటుండవలసిన చోట కోలన్ సంకేతమైన 3ఎ కూర్చుండును. విచిత్రమేమన, పిమ్మట వెరిఫై చేసినచో అంతయు సరిపోయినదనియే తెర పలుకును. చిప్పులోనిదానిని తాను పంపిన బైట్లతోనే పోల్చినది గనుక అందబద్ధము లేదు. ముత్యపుచిప్పను వెండి యనుకొన్నవాడు అంత దూరమునుండియే మరల చూచి వెండియే యని రూఢి చేసికొనుట యిట్టిదే.

న్యాయభాష్యకారుడైన వాత్స్యాయనుడు చెప్పిన ప్రవృత్తిసామర్థ్యము, అనగా కార్యసాఫల్యము, ఇచ్చట ప్రోగ్రాము వెలిగింపవలసిన ఎల్‌ఈడీ వెలుగుటయే. కాని వెలుగకున్నచో అది దోషముండుటను మాత్రమే తెలుపును, దోషస్థానమును తెలుపదు. ఉదాహరణకు, పిక్16ఎఫ్84ఎ చిప్పునందు కాన్ఫిగరేషన్ పదము షోడశాంకమానమున 2007 అడ్రసుననున్నను, హెక్స్ ఫైలు బైట్లను లెక్కించునది గనుక అందు 400ఇ వద్ద గానవచ్చును. ఈ ద్విగుణీకరణము నెరుగని సాధనము ఆసిలేటరు అమరికను తప్పించి, నిర్దుష్టమైన ప్రోగ్రామును సైతము మూగపరచును.

కావున నాకు మీమాంసకుడైన కుమారిలభట్టు మార్గమే యుక్తమని తోచును: బాధకజ్ఞానము గాని కారణదోషజ్ఞానము గాని కలుగువరకు విశ్వసింపుము, కలిగిన పిమ్మట సరిపోలికను సాక్ష్యముగా గొనకుము. చిప్పును నిందించుటకు ముందు సాఫ్ట్‌వేరు తెరచిన బైట్ల నిల్వను, అనగా బఫరును, చూడుడు; మొదటనే 3ఎ, దాని వెంట 30, 31 వంటి అంకెల సంకేతములు వరుసగా గనబడినచో, ఫైలును హెక్స్‌గా ఎంచుకొని మరల ఎక్కింపుడు.