కీర్తి ఋణము తీరు విధమేమి?

దేవ ఋణము, ఋషి ఋణము, పితృ ఋణము అని ఋణములు మూడు విధములని పెద్దలు చెప్పిరి. యజ్ఞముచేత మొదటిది, అధ్యయనముచేత రెండవది, సంతానముచేత మూడవది తీరునని శాస్త్రము. ఈ మూటిలోను చేరని ఋణమొకటి కలదని మాకు తోచుచున్నది. అది కీర్తి ఋణము. ఒకనిని పదిమంది మెచ్చిరి. వాని పాటను తమ యిండ్లలో పాడుకొనిరి. వాని పేరును తమ బిడ్డలకు చెప్పిరి. అంతమాత్రమున వాడు వారికి బాకీపడెనా? పడినయెడల ఏమి చెల్లింపవలెను? మెచ్చినదానినే మరల మరల ఇయ్యవలెనా, లేక తన మనస్సు చూపిన క్రొత్త త్రోవను పోవచ్చునా?

పౌరాణిక నాటకములు చూచినవారికి ఈ ప్రశ్న క్రొత్తది కాదు. నటుడు పద్యమునెత్తి రాగము సాగదీయగానే 'వన్స్ మోర్' అని కేకలు బయలుదేరును. టిక్కెట్టు కొంటిమి గనుక అడుగు హక్కు కలదని ప్రేక్షకుడనును. కథ ముందునకు సాగక నిలిచెనే యని నటుడు లోలోన కుందును. వీరిరువురిలో ధర్మమెవరి పక్షమున నున్నది?

ఈ సందేహ నివారణకై దూరదేశపు గాయకుడొకని చరిత్రమును పరిశీలింతము. దగ్గరివారిని గూర్చి మాటలాడునపుడు అభిమాన దురభిమానములు అడ్డువచ్చును. దూరపువానిని గూర్చి మనస్సు సమముగా నిలుచును.

దక్షిణ అమెరికాలోని అర్జెంటీనా దేశమున, బ్యూనస్ ఐరిస్ నగరములో, 1950 జనవరి 23వ తేదీన లూయిస్ ఆల్బెర్తో స్పినేట్టా జన్మించెను. అతడు యౌవనమున అడుగిడునాటికి రాక్ అను సంగీతము ఇంగ్లండు, అమెరికా దేశములనుండి అచటికి వ్యాపించియుండెను. దానిని తమ స్పానిష్ భాషలో పాడి నిలబెట్టవచ్చునని చూపిన కొలదిమందిలో ఇతడొకడు. పరభాషా ప్రాంతములలో తరతరములుగా మాతృభాషను కాపాడుకొనుచున్న మనకు ఈ విషయము విశేషముగా గమనింపదగినది. ముగ్గురు మిత్రులతో కలిసి అతడు స్థాపించిన బృందమునకు 'ఆల్మెంద్రా', అనగా బాదము, అని పేరు. 1969లో వెలువడిన వారి 'ముచాచా' అను పాట ఆ దేశపు యువజనులకు కంఠస్థమయ్యెను. అప్పటికతనికి ఇరువది యేండ్లు నిండలేదు.

అంతటి కీర్తి లభించిన వెనుక ఎవడైనను ఏమి చేయును? అట్టి పాటలే మరి పది కట్టి సుఖముగా జీవించును. స్పినేట్టా అట్లు చేయలేదు. 1970లో ఆల్మెంద్రా విడిపోయెను. 1971లో 'పెస్కాదో రబియోసో' అను మరియొక బృందము కట్టెను. వెఱ్ఱియెత్తిన చేప అని దాని యర్థము. మృదువైన పాటలు వినగోరి వచ్చినవారికి ఇచట కరకు ధ్వనులు వినబడెను. 1973 నాటికి అదియు చెదరెను. పిమ్మట 'ఇన్విసిబ్లే', అనగా అదృశ్యము. 1976లో ఆ బృందపు పాటలలోనికి ఆ నగరపు టాంగో సంగీతమునకు ప్రాణమైన బాందోనియోన్ అను వాద్యమును చేర్చెను. అదియు 1977తో ముగిసెను. 1980లో 'స్పినేట్టా జేడ్' మొదలయ్యెను. అందు జాజ్ పోకడలు మెండు. ఇవిగాక తన పేర వెలువరించిన రికార్డులు అనేకములు. అన్నియు కూడి నలువదికి దగ్గరగా లెక్కకు వచ్చును.

ఇచట పూర్వపక్షమును వినుట న్యాయము. ఒకటి, ఇది చపలత్వము కాదా? రెండు, నమ్మి వచ్చిన సహచరుల గతి యేమి? మూడు, మెచ్చిన జనులను నడివీథిలో విడిచిపోవుట కృతఘ్నత కాదా? ఈ మూడును తేలికగా త్రోసివేయదగినవి కావు. బృందమనగా నలుగురి జీవనము. ఒకడు లేచిపోయినచో తక్కినవారు క్రొత్త దారి వెదకుకొనవలెను.

మేము కచేరీలో గుమాస్తాగా ముప్పదియేండ్లకు పైగా పనిచేసితిమి. అచట ఏ కాగితము వచ్చినను 'పూర్వము ఇట్టిదానిపై ఏమి ఉత్తరువైనది?' యని పాత ఫైలు వెదకుటయే మొదటి పని. ఆ పద్ధతి లేనిచో ఒకనికొక తీరు, మరియొకనికొక తీరు జరిగి ప్రజలకు అన్యాయమగును. కాని ఆ పద్ధతినే జీవితమంతటికి అన్వయించినయెడల మనుష్యుడు తన పాత ఫైలునకు తానే నకలు వ్రాయువాడగును. కచేరీలో నకలు సద్గుణమే. కళలో అట్లు కాదు.

చపలునకును సాధకునకును భేదమెట్లు తెలియును? సులభమైన దానికై విడిచినవాడు చపలుడు. కఠినమైన దానికై విడిచినవాడు సాధకుడు. స్పినేట్టా చరిత్రలో రెండు ఉదాహరణములు దీనిని తేటపరచును. 1973లో వెలువడిన 'ఆర్తో' అను రికార్డు మొదటిది. పెస్కాదో రబియోసో పేరనే వెలువడినను అది వాస్తవముగా అతని ఒక్కని కృషియే. ఫ్రెంచి కవి ఆంతొనిన్ ఆర్తో రచనలలోని తీవ్ర నిరాశను చదివి, దానికి తన సంగీతముతో బదులు చెప్పబూనిన ప్రయత్నమది. దాని అట్ట చదరము కాదు. దుకాణపు అరలలో ఇమడని వంకర ఆకారము. అమ్మకము కోరువాడు అట్లు చేయడు. రెండవది 1980లో ఇంగ్లీషు భాషలో అమెరికా శ్రోతలకై వెలువరించిన రికార్డు. లాభమునకు త్రోవ అదియే కావచ్చును. కాని అందు అతనికి తృప్తి కలుగలేదు. అతడు తన భాషకు మరలి వచ్చి, మరల ఆ త్రోవ త్రొక్కలేదు.

ఇక కృతఘ్నత మాట. అరలలో ఇమడని ఆ 'ఆర్తో'నే 2007లో అర్జెంటీనా రోలింగ్ స్టోన్ పత్రిక ఆ దేశపు రాక్ రికార్డులలో ప్రథమ స్థానమున నిలిపెను. 1970లో శ్రోతలు కోరినట్లు 'ముచాచా' వంటివే కట్టుచు కూర్చుండినయెడల ఇది పుట్టియుండునా? జనులు తాము ఎరిగినదానినే అడుగగలరు. ఎరుగని దానిని ఇచ్చుటయు చెల్లింపే. ఒక్కొక్కప్పుడు అదియే వడ్డీతో కూడిన చెల్లింపు. త్రవ్విన ప్రతి బావిలోను తీయని నీరు పడదు. అతని నలువదింటిలోను హెచ్చుతగ్గులున్నవి. అయినను త్రవ్వుట మానినవానికి ఏ నీరును పడదు.

సహచరుల విషయమై మాత్రము వాదముతో తీరదు, నడవడితో తీరవలెను. 2009 డిసెంబరు 4వ తేదీన బ్యూనస్ ఐరిస్‌లోని వేలెస్ క్రీడాస్థలమున అతడు ఒక మహాసభ జరిపెను. నలువదియేండ్లలో తాను విడిచిన బృందములవారిని పిలిచి, వేలాది శ్రోతల యెదుట, ఐదు గంటలకు పైగా వారితో కలిసి పాడెను. ఆ సభకు 'శాశ్వత బృందములు' అని పేరు. విడిచినవానిని 'శాశ్వతము' అనుట చూడుడు. విడుచుట వేరు, త్రోసిపుచ్చుట వేరు అని ఈ ఒక్క మాట చెప్పుచున్నది. పదునైదేండ్ల ప్రాయమున కట్టిన పాటను సయితము 1982లో 'కమికాజే' అను రికార్డులో చేర్చుకొన్నవాడు తన గతమును అవమానించినాడనుట పొసగదు.

కీర్తిని అతడు వేరొక విధముగను వినియోగించెను. 2006 అక్టోబరు 8వ తేదీన, చాకో ప్రాంతములోని ఒక బీద పల్లె బడికి సహాయము చేసి మరలుచున్న తొమ్మండుగురు విద్యార్థులును, ఒక ఉపాధ్యాయినియు రోడ్డు ప్రమాదమున మరణించిరి. వారి తలిదండ్రులు రోడ్డు భద్రతకై ఆరంభించిన ఉద్యమమునకు స్పినేట్టా తన పేరును, కంఠమును ఇచ్చెను. ఇది పాటగా చెల్లింపబడిన ఋణము కాదు, నడవడిగా చెల్లింపబడినది.

2012 ఫిబ్రవరి 8వ తేదీన ఊపిరితిత్తుల క్యాన్సరుతో అతడు మరణించెను. పిమ్మట ఆ దేశపు శాసనసభ అతని జన్మదినమును జాతీయ సంగీతకారుల దినముగా నిర్ణయించెను.

కనుక మాకు తోచిన సమాధానమిది. కీర్తి ఋణము నిజముగానే కలదు. దానిని లేదనువాడు గర్వి. కాని మెచ్చినవారి కోరికకు దాసుడగుటచేత అది తీరదు. శక్తికొలది సత్యమైన పని చేయుటచేతను, వెంట నడచినవారిని మరువకుండుటచేతను, లభించిన పేరును దుఃఖితులకు ఉపయోగపరచుటచేతను తీరును. మన సభలలో ఒక యువకుడు పాత పద్యమును విడిచి క్రొత్తదానిని ఎత్తుకొనినపుడు మనమును 'వన్స్ మోర్' అనుటకు ముందు ఒక్క నిమిషము వినుట మంచిది. విజ్ఞులు విచారింతురు గాక.