ఇంట్లో ఉన్న భాష

కావలిలో చెన్నై రైలెక్కండి. గూడూరు, సూళ్లూరుపేట దాటి తమిళనాడులోకి వెళ్లినా తెలుగు వినబడుతూనే ఉంటుంది.

మన పిల్లలు ఎందరో వైద్యం చదివే జార్జియా సంగతి వేరు. కాకసస్ కొండల నడుమ చిన్న దేశం. జార్జియన్ భాషకు ప్రధానంగా అదే ఇల్లు. అయినా ఇరాన్‌లోని ఫెరేదున్‌షహర్‌లో ఆ మాట బతికే ఉంది. సుమారు నాలుగు వందల ఏళ్ల కిందట ఇరాన్ రాజు షా అబ్బాస్ జార్జియా నుంచి తరలించుకుపోయిన వాళ్ల సంతతి దాన్ని మాట్లాడుతోంది. దేశ అధికార భాష పారసీ. ఇంట్లో మాత్రం జార్జియన్. ఎంత గట్టి మనుషులు!

మన తెలుగూ చెరకు తోటల కూలీలతో ఓడెక్కి మారిషస్ చేరింది. అక్కడి బడుల్లో నేటికీ తెలుగు చెబుతున్నారు. ఇంట్లో ఉంటేనే భాష ఉంటుంది.

దూరాన చదివే మీ బిడ్డకు ఇవాళ ఫోన్ చేస్తారుగా? తెలుగులోనే మాట్లాడండి.